ఆకలికి పాఠం చెప్పేది ఎవరు?



తపస్సుకాలం మొదటి ఆదివారం నాడు నేను చేసిన ఒక ప్రసంగం గురించి ముందుగా మీకు చెప్పుకోవాలి. ఆనాటి సువిశేషం మన ప్రభువు ఎడారిలో నలభై దినాలు ఉపవాసమున్న ఘట్టం. శోధకుడు రొట్టెతోనే మొదలుపెట్టాడు గనుక నేనూ తిండి దగ్గరే మొదలుపెట్టాను. ఏడు మూలపాపాలలో తిండిపోతుతనం ఒకటని, కోపాన్నీ అసూయనూ మనసులో దాచుకోవచ్చు గాని ఈ పాపాన్ని దాచడం కుదరదని, అది ఒంటిమీదే కనబడుతుందని అన్నాను. జనం నవ్వారు. ప్రసంగంలో జనం నవ్వితే ఏ గురువుకైనా ఉత్సాహంగా ఉంటుంది. నాకూ ఉండింది.

పూజ ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కే భారీ శరీరం. "స్వామీ, మీరు ఆ మాట అన్నప్పుడు ముందు వరుసలో పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూశారు" అంది. కోపంగా అనలేదు. "నేను ఏనాడూ కూర్చుని కడుపునిండా తిన్నదాన్ని కాదు. అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది నిలబడే తినేస్తాను. అన్నం పారేస్తే పాపమని మా అమ్మ చెప్పింది. తింటే పాపమని మీరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?"

పెద్ద గురువిద్యాలయంలో మూడేళ్ళు తత్త్వశాస్త్రం చదివిన నాకు ఆ మెట్ల మీద నోట మాట రాలేదు. "ప్రార్థించుకుందాం అమ్మా" అని పంపించేశాను. జవాబు తెలియనప్పుడు మా గురువులం చేసే పని అదే. ఆ రాత్రి పాత పుస్తకాలు దించి చూశాను. నేను ప్రసంగించిన దానికి, మన శ్రీసభ పండితులు నిజంగా చెప్పిన దానికి ఎంత దూరం ఉందో అప్పుడు తెలిసింది.

ఆరవ శతాబ్దపు జగద్గురువు పునీత గ్రెగోరి గారు తిండిపోతుతనం ఐదు విధాలుగా ఉంటుందన్నారు. వేళకు ముందే తినడం, ఖరీదైనవే కోరడం, మితిమీరి తినడం, ఆత్రంగా తినడం, వంటకానికి వంకలు పెట్టి ఇలాగే వండాలని పట్టుబట్టడం. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారు ఈ ఐదింటినీ స్వీకరించారు. ఒకసారి లెక్కపెట్టండి. ఐదింటిలో పరిమాణానికి సంబంధించింది ఒక్కటే! కూరలో ఉప్పు చాలలేదని కంచం నెట్టేసే బక్కపలుచని భర్త కూడా ఈ జాబితాలో ఉన్నాడు. అతని ఒంటిమీద మాత్రం ఏమీ కనబడదు.

అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి అక్వినాసు గారు అన్నారు. మనిషిలో రెండు రకాల వాంఛలున్నాయట. ఒకటి ప్రకృతి సిద్ధమైన ఆకలిదప్పులు. ఇవి చెట్టు నీటిని పీల్చుకున్నట్టు పనిచేసే శక్తులు. బుద్ధి చెబితే వినేవి కావు గనుక వీటిలో పాపమూ లేదు, పుణ్యమూ లేదు. రెండవది రుచిని కోరే ఇంద్రియ వాంఛ. బుద్ధి మాట వినగలిగి కూడా వినకుండా ఇది కట్టు తప్పినప్పుడే తిండిపోతుతనం. ఇంకా ఏమన్నారంటే, ఒక మనిషి తిండిమీద ఆశతో కాక, ఇంత తినడం అవసరమే అనుకుని ఎక్కువ తిన్నట్లయితే అది తిండిపోతుతనం కాదు, తెలియనితనం. మిగిలిన అన్నం పారేయలేక తిన్న ఆ తల్లి సంగతి ఏడువందల యాభై ఏళ్ళ క్రితమే ఆయన తేల్చేశారు. నేనే చదివి మరచిపోయాను.

అయితే ఇక్కడితో విషయం తెగిపోలేదు. ఆకలి ప్రకృతి సిద్ధమే కావచ్చు. కానీ ఆ ఆకలి ఎప్పుడు పుట్టాలో, ఎంతకు తీరాలో, దేనికోసం పుట్టాలో కూడా ప్రకృతే నిర్ణయిస్తుందా?

మా గురువిద్యాలయంలో మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనం గంట కొట్టేవారు. మొదటి ఏడాది ఆ గంట నాకు గంట మాత్రమే. రెండో ఏడాదికి గంట వినగానే కడుపులో పేగులు అరిచేవి. సెలవులకు ఇంటికి వెళితే అక్కడ గంట లేకపోయినా సరిగ్గా పన్నెండున్నరకు ఆకలి వేసేది. మా నాన్నగారు పొలం నుంచి రెండు గంటలకు వచ్చేవరకు ఆగడం నాకు గండంగా ఉండేది. ఆయనకు మాత్రం ఒంటిగంటకు కూడా ఆకలి ఉండేది కాదు. ఒకే రక్తం, ఒకే ఇంటి అన్నం, రెండు వేర్వేరు ఆకళ్ళు.

ఇది ఎలా జరుగుతుందో శాస్త్రజ్ఞులు ఇప్పుడు చాలావరకు చెప్పగలుగుతున్నారు. 1999లో జపాను శాస్త్రజ్ఞులు జీర్ణాశయంలో పుట్టే గ్రెలిన్ అనే హార్మోనును కనుగొన్నారు. మనం రోజూ తినే వేళ దగ్గరపడేసరికి ఇది రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. అంటే కడుపు మన దినచర్యను కంఠస్థం చేస్తుందన్నమాట. రోజూ నాలుగు గంటలకు టీతో పాటు మిక్చరో బజ్జీయో తినే మనిషికి నాలుగింటికి వేసే ఆకలి అబద్ధం కాదు, నిజమైన ఆకలే. కానీ దాన్ని ఆ వేళకు రమ్మని పిలిచింది అతనే. నెల రోజులు పిలవకుండా ఉండి చూస్తే, మొదటి వారం గోల చేసి, తరువాత మెల్లగా రావడం మానుకుంటుంది. నా టీలో చక్కెర విషయంలో ఇది నేను స్వయంగా చూశాను. మానిన కొత్తల్లో కషాయంలా తోచిన టీ ఇప్పుడు బాగానే ఉంది. పెళ్ళిళ్ళలో ఇచ్చే టీ నోట పెట్టుకోలేకపోతున్నాను.

అరిస్టాటిల్ ఈ సంగతినే మరో విధంగా చెప్పాడు. సుఖాలకు దూరంగా ఉండగా ఉండగా మనం మితం గలవారమవుతాం, మితం గలవారమయ్యాక దూరంగా ఉండడం మరింత తేలికవుతుంది. మంచి అలవాటుకు ఈ సూత్రం ఎంత నిజమో చెడ్డ అలవాటుకూ అంతే నిజం.

"అలాగైతే నోరు కట్టుకుంటే సరిపోతుంది గదా, స్వామీ" అని మీలో కొందరు అనవచ్చు. అంత తొందరపడకండి. రెండవ ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన జరిగింది. మనస్సాక్షి ఒప్పక ఆయుధం పట్టని 36 మంది యువకులు, యుద్ధంలో ఆకలితో మాడిపోతున్న ప్రజలకు ఉపయోగపడుతుందని తమ శరీరాలను ఒప్పగించారు. ఆరు నెలలు వాళ్ళకు సగం తిండి పెట్టారు. బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గారు. ఆదర్శాల కోసం నిలబడిన ఆ యువకులు పగలంతా వంటల పుస్తకాలు చదవసాగారు, రాత్రి తిండి కలలు కన్నారు. మళ్ళీ తిండి పెట్టినప్పుడు కొందరు ఎంత తిన్నా తృప్తి లేదన్నారు. వాళ్ళది మనోబలం లేకపోవడమని అనగలమా? 2011లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, బరువు తగ్గిన యాభై మందిని పరీక్షిస్తే, ఏడాది గడిచినా ఆకలిని పెంచే హార్మోన్లు మొదటి స్థితికి రాలేదని తేలింది. శరీరం తను పోగొట్టుకున్న దాన్ని అంత సులభంగా మరచిపోదు. అందుచేత పది రోజులు పస్తుండి పదకొండో రోజు మళ్ళీ మొదటికి వచ్చిన మనిషిని చూసి నవ్వకండి. ఆ పది రోజులు అతడు తన ఒంటితోనే పోరాడాడు.

తినే పదార్థం సంగతి కూడా చూడాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఇరవై మందిని నాలుగు వారాలు ఒకేచోట ఉంచి, రెండు వారాలు కర్మాగారాల్లో తయారై పొట్లాల్లో వచ్చే తిండి, రెండు వారాలు ఇంటి వంటలాంటి తిండి పెట్టారు. వడ్డించిన దానిలో కెలోరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు పూటలకూ సమానమే. కావలసినంత తినమన్నారు. పొట్లాల తిండి దొరికిన రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. ఇంటి తిండి రోజుల్లో అంతే తగ్గారు. మనుషులు వాళ్ళే, మనోబలం అదే. మెత్తగా నోట్లో కరిగిపోయే ఆ తిండిని వాళ్ళు వేగంగా తిన్నారు. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి కొంత వ్యవధి కావాలి. కబురు వచ్చేలోపే పళ్లెం ఖాళీ అయితే రెండో పళ్లెం వస్తుంది. నమిలి తినే జొన్నరొట్టె దగ్గర ఈ ప్రమాదం తక్కువ. ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు అన్నారు. ఇప్పుడు మన పిల్లలు బడి పక్క దుకాణంలో కొనుక్కునే పొట్లాలకు ఆకలితో పనే లేదు, రుచి ఉంటే చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఆకలి నేర్చుకుంటుంది సరే, దానికి నేర్పేది ఎవరు?

చాలామందికి అమ్మే నేర్పింది. ఈ మాట నేను భయభక్తులతో అంటున్నాను. మన విచారణల్లో అరవై డెబ్బై ఏళ్ళ తల్లులు ఎలాంటి రోజుల నుంచి వచ్చారో మీకు తెలుసు. జొన్న గటకో రాగి సంగటో దొరికితే గొప్ప, వరి అన్నం పండుగకు మాత్రమే. 1983లో మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఎన్నో కూలి ఇళ్ళల్లో రోజూ తెల్లన్నం ఉడికింది. పిల్లలు ఆకలితో పడుకోవడం కళ్ళారా చూసిన తల్లికి, కంచం నిండా అన్నం పెట్టడం అంటే వట్టి వడ్డన కాదు. "ఇంకొక్క ముద్ద, నా తండ్రివి గదూ" అన్నప్పుడు ఆమె తన పాత ఆకలికి జవాబు చెబుతోంది. ఆ ముద్దను కాదనడం ఎవరి తరం? కానీ ఆ పిల్లవాడు కూలికి పోవడం లేదు. కుర్చీలో కూర్చుని చదువుతున్నాడు, కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ కొసరు ముద్దతో పాటు అతడు ఒక పాఠం కూడా మింగాడు: కడుపు చాలన్నా తినాలి, తింటేనే అమ్మకు ఇష్టం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడో వంతుకు పైగా ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. దేశం మొత్తం మీద ఆ లెక్క నాలుగో వంతు మాత్రమే.

నా సంగతే చూడండి. కొత్త విచారణకు వచ్చిన ఏడాది ఇళ్ళ ఆశీర్వాదాలకు వెళ్ళేవాణ్ణి. సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఐదారు ఇళ్ళు. ప్రతి ఇంట్లో ఒక పళ్లెం. ఒక ఇంట్లో తిని మరో ఇంట్లో తినకపోతే "మా ఇంట్లో ఎందుకు తినలేదు" అనే మాట వస్తుంది. మన సమాజంలో ఆ మాట వెనుక ఎంత బాధ ఉందో, తరతరాలుగా ఎవరి ఇంట్లో ఎవరు తినలేదో తెలిసినవాడు ఆ పళ్లెం తిరగ్గొట్టలేడు. నేనూ తిరగ్గొట్టలేదు. మూడేళ్ళు తిరిగేసరికి పదకొండు కిలోలు పెరిగాను, చక్కెర జబ్బు బయటపడింది. ఇది ప్రేమ వల్ల వచ్చిన బరువే. అయినా నా మోకాళ్ళకు ఆ తేడా తెలియదు గదా.

మరి అందరూ ప్రేమతోనే చేస్తే ఎవరికీ బాధ్యత లేదా? అరిస్టాటిల్ రాయి ఉదాహరణ చెబుతాడు. చేతిలోంచి విసిరిన రాయిని వెనక్కి పిలవలేవు, కానీ విసరడం మొదట నీ చేతిలోనే ఉంది, కనుక నీ స్వభావానికి నీవే కారకుడవు అంటాడు. విద్యార్థిగా ఈ వాదం నాకు చాలా నచ్చింది. ఇప్పుడు నాకు ఒక సందేహం. ఐదేళ్ళ పిల్లవాడి చేతిలో రాయి పెట్టి విసరడం నేర్పింది పెద్దలైతే, యాభై ఏళ్ళకు అతణ్ణి ఒక్కణ్ణే నిలదీయడం న్యాయమా? అతనికి బాధ్యత లేదని నేననను. తన అలవాటును తెలుసుకున్న రోజు నుంచి అది అతని బాధ్యతే. కానీ తిండి అలవాటు ఒక మనిషిలో పుట్టదు, ఒక వంటింట్లో పుడుతుంది. కనుక దాన్ని సరిదిద్దవలసింది కూడా ఇంటిల్లిపాదీ. లావుగా ఉన్న ఒక్కరికి పుల్కాలు పెట్టి, మిగతావాళ్ళు ఆ మనిషి ఎదుటే వేపుళ్ళు తింటూ "నోరు కట్టుకో" అని హితబోధ చేసే ఇళ్ళు నాకు తెలుసు. అది మితం నేర్పడం కాదు, శిక్ష వేయడం.

మన మఠాల సంప్రదాయం ఈ విషయంలో మనకంటే తెలివైనది. పునీత బెనెడిక్టు గారు ఆరవ శతాబ్దంలో రాసిన నియమావళిలో భోజనానికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. రెండు వండిన వంటకాలు, రోజుకొక రొట్టె కొలత, పని ఎక్కువైన రోజున పెంచే అధికారం మఠాధిపతికి, చిన్నపిల్లలకు తక్కువ కొలత. తినేటప్పుడు ఒకరు చదువుతుంటే మిగిలినవారు మౌనంగా వింటారు. ఎంత తినాలో ప్రతి పూటా ఎవరికి వారు పోరాడి తేల్చుకోనక్కరలేదు, ముందే బల్ల మీద తేలిపోయింది. మన ఇళ్ళల్లో టీవీ ముందు, సెల్‌ఫోను చేతిలో పట్టుకుని, ఏం తిన్నామో ఎంత తిన్నామో తెలియకుండా తినడాన్ని దీని పక్కన పెట్టి చూసుకోండి.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది పునీత లొయోలా ఇన్యాసి గారు తమ ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో చెప్పిన ఒక ఉపాయం. తరువాతి పూటకు ఎంత తినాలో ఈ పూట భోజనం అయ్యాకనే, లేదా ఆకలి లేని మరో వేళనే నిర్ణయించుకోమన్నారు. ఆకలి వేసినప్పుడు అడగవద్దు, అప్పుడది న్యాయం చెప్పదు. మనం బియ్యం కొలిచేది ఎప్పుడు? బాగా ఆకలి వేస్తున్నప్పుడే, మరో గుప్పెడు చేతికి తెలియకుండానే పడుతుంది. రాత్రికి ఎన్ని గ్లాసులు పొయ్యాలో మధ్యాహ్నం తిన్నాకే అనుకుని చూడండి. ఆత్రంగా తినవద్దని కూడా ఆయన అన్నారు. మొదట్లో గ్రెగోరి గారి జాబితాలో చూసిందే.

అందరికీ ఒకే కొలత కూడా కాదు. మల్లయోధుడు మైలోకు చాలని తిండి కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన వాడికి ఎక్కువవుతుందని అరిస్టాటిలే అన్నాడు. మట్టి మోసే కూలి మనిషి కంచం చూసి బ్యాంకు ఉద్యోగి కంచం నింపకూడదు.

ఒక మాట ఉపవాసం గురించి. శ్రీసభ చట్టం ప్రకారం పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది నిండేవరకు, విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం నాడు ఉపవాసం ఉండాలి. ఒక పూట నిండు భోజనం, మిగతా రెండు వేళలా కొద్దిగా. వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉంది. చక్కెర మాత్రలు వేసుకునేవారు వైద్యుణ్ణి అడగకుండా పస్తుండవద్దు, దానివల్ల దేవునికి మహిమ కలగదు. పగలంతా ఉపవాసముండి రాత్రి బిరియానీతో బాకీ తీర్చుకునేవారికి, శుక్రవారం మాంసం మాని రొయ్యల వేపుడు రెండు కిలోలు తెప్పించేవారికి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. చట్టం తప్పలేదు, అంతవరకు నిజం. మరోవైపు, సన్నగా కనబడాలని కడుపు మాడ్చుకుంటున్న కాలేజీ ఆడపిల్లల తల్లులు కూడా జాగ్రత్తగా ఉండండి. అద్దం ముందు చేసే ఉపవాసం ఉపవాసం కాదు. ఆ పిల్లలకు గట్టి మందలింపు కంటే మంచి వైద్యుడు, పక్కన కూర్చుని తినే మనిషి అవసరం.

తరువాతి ఆదివారం నేను ప్రసంగ వేదిక మీద క్షమాపణ చెప్పాను. పోయిన వారం నేను అన్న మాట తప్పని, ఒంటిని చూసి పాపాన్ని చదవడం నాకు చేతకాదని చెప్పి, అక్వినాసు గారి ఐదు రకాలనూ వివరించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉప్పు చాలలేదని కంచం నెట్టే మగవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి స్త్రీల వైపు కొంచెం కదలిక కనబడింది.

పాస్కా పండుగ తరువాత ఆ తల్లి ఇంటికి భోజనానికి పిలిచారు. ఎప్పటిలాగే నాకూ, ఆమె భర్తకూ, కొడుకుకూ కంచాలు పెట్టారు. "అమ్మా, నీ కంచం ఏది?" అన్నాను. తరువాత తింటానంది. తాను కూర్చుంటేనే నేను ముద్ద ముట్టుకుంటానన్నాను. ఇంట్లో ఒక నిమిషం ఇబ్బందిగా ఉంది. భర్త గొంతు సవరించుకుని, "కూర్చోవే, స్వామి అడుగుతున్నారు గదా" అన్నాడు. ఆమె కూర్చుంది. పండుగ తరువాత నుంచి ఒక గ్లాసు బియ్యం తగ్గించి పోస్తున్నానని, గిన్నెలో మిగలడం లేదని చెప్పింది. నాకు వడ్డించబోతూ గరిటె గాలిలో ఆపి, "ఎంత వేయమంటారు స్వామీ?" అని అడిగింది. ముప్పై ఏళ్ళ గురుత్వంలో నన్ను ఆ మాట అడిగిన ఇల్లు అదే. చెప్పినంతే వేసింది. భోజనం మధ్యలో మంచినీళ్ళు అయిపోతే, అలవాటుగా ఆమె లేవబోయింది. కొడుకు ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమచేత్తో బిందె వంచి చెంబు నింపుకొచ్చాడు.